ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

నంద్యాలకు కాపురానికి వచ్చిన కొత్తలో నేను నేర్చుకున్న మొదటి విద్య వంట కాదు. నేను చేసిన జొన్నరొట్టెను మా అత్త చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది రొట్టెనా, జిల్లా పటమా?" అని అడిగింది. ఆ తర్వాత చాలా రోజులు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నేను నేర్చుకున్నది అడగడం. అంటే, సర్కారును ఎట్లా అడగాలి అన్నది.

మా ఆయన ఒక వకీలు దగ్గర గుమాస్తా. యుద్ధం ముగిసి మద్రాసులో శాసనసభ మళ్లీ కూర్చున్నప్పుడు ఆ వకీలు గారు మా వైపు నుంచి గెలిచి మెంబరు అయ్యారు. మనిషి బహు మంచివారు, మాట మాత్రం బహు తక్కువ. సభలో ఆయన గొంతు విన్నవాళ్లు లేరు. "మన మెంబరు మద్రాసుకు పోయి మౌనవ్రతం పడతాండాడు" అని నంద్యాల బజారులో నవ్వుకునేవాళ్లు. అది వింటే నాకు ఒళ్లు మండేది. ఆయన నోరెక్కడుందో నాకు తెలుసు. అది మా ఆయన బల్ల మీద, సగం అరిగిన టైపు మిషనులో ఉండేది.

శాసనసభలో మెంబరు ఎవరైనా మంత్రిని ప్రశ్న అడగవచ్చు. అయితే కాగితం మీద రాసి ముందుగా పంపాలి. ప్రశ్న పక్కన నక్షత్రంలాంటి చుక్క పెడితే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెబుతాడు. చుక్క పెట్టకపోతే జవాబు కూడా అచ్చులోనే వస్తుంది. మా మెంబరు గారు చుక్క పెట్టేవారు కాదు. "నోటి జవాబు గాలికి పోతాదప్పా. కాగితం అట్ల కాదు, బీరువాలో కూర్చోనుంటాది" అని మా ఆయనతో అనేవారు.

ఆదివారం పొద్దున ఆయన పంచలో జనం నిండిపోయేవాళ్లు. వాళ్లు తెచ్చేది ప్రశ్న కాదు, కోపం. ఆ కోపంలోంచి ప్రశ్నను ఒలిచి తీయడం మా ఆయన పని. ప్రశ్నలో తిట్టు ఉండకూడదు, ఎగతాళి ఉండకూడదు, వాదన ఉండకూడదు, "అన్యాయం" అన్న మాట అసలే ఉండకూడదు. తెలియక అడుగుతున్నట్టు ఉండాలి. అట్లా లేకపోతే మద్రాసులో సభ ఆఫీసు వాళ్లు తిప్పి పంపేవాళ్లు. ఒకసారి గడివేముల నుంచి వచ్చిన రైతు కాలవ లస్కరును నిలువునా తిట్టిపోశాడు. "మా తూముకు చుక్క నీళ్లిడవడంల్యా! వాని వంశం నాశనం గాను!" అన్నాడు.

"వాని వంశం సంగతి మంత్రికేం తెలుస్తాదన్నా? నీళ్లు ఏ తారీఖు నుంచి రాలేదో చెప్పు" అన్నారు మా ఆయన.

"తారీఖు ఎవరికి తెలుసప్పా? పీర్ల పండగ ముందరి నుంచి." మా ఆయన నిట్టూర్చి, గోడకున్న క్యాలెండరు దించారు.

నేను థర్డ్ ఫారం దాకా చదివినదాన్ని. రాత ముత్యాల్లా ఉంటుందని మా అయ్యవారు అనేవారు. మెంబరు గారూ అదే అన్నారు. అందుకని ప్రశ్నలు తెలుగులో శుభ్రంగా రాయడం నా వంతు అయింది. వాటిని ఇంగ్లీషు చేసి టైపు కొట్టడం మా ఆయన వంతు. నెమ్మదిగా ఆ భాష ఇంట్లోకి కూడా వచ్చేసింది. అన్నం ముందు కూర్చుని ఆయన, "పప్పులో ఉప్పు వేయకుండుట వాస్తవమేనా? అయినచో, ఎప్పుడు వేయదలచినారు?" అనేవారు. నేను ఉప్పు గిన్నె ముందుకు తోసి, "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనేదాన్ని. సర్కారు తనకు ఇష్టం లేని ప్రశ్నను అట్లాగే దాటేసేది. మా అత్త మా ఇద్దర్నీ చూసి, "సరిపోయినారు. దొందూ దొందే" అనేది.

ఇంక నా సంగతికి వస్తాను. మా పుట్టినూరు ఆళ్లగడ్డ దాటి అహోబిలం పోయే దారిలో ఉంటుంది. పేరు చెప్పను. చెబితే అక్కడి ఆసుపత్రిలో పనిచేసినవాళ్ల మనవళ్లు ఎవరైనా నా మీదికి వస్తారు. ఈ వయసులో నాకు కొత్త కయ్యాలు వద్దు. ఊళ్లో రెండు గదుల ఆసుపత్రి ఉండేది. ఒక గదిలో కాంపౌండరూ ఆయన మందు సీసాలూ. రెండోది కాన్పుల గది. దానికి ఒక నర్సమ్మను సర్కారు వేసిందని ఊరంతా చెప్పుకునేవాళ్లు. నర్సమ్మను నేను చూడలేదు. గదికి వేసిన తాళం మాత్రం చూశాను.

మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. మా వైపు అదొక శాసనం. పెళ్లైన రెండో ఏడు నన్ను పుట్టింటికి తీసుకుపోయారు. నొప్పులు మొదలుకాగానే మా నాయన ఆసుపత్రికి పరుగెత్తాడు. తాళం. నర్సమ్మను ఇంకో ఊరి ఆసుపత్రికి పంపి నెలలైందట. ఎవరూ మాకు చెప్పలేదు. ఊరి మంత్రసాని ముసలమ్మ తనకు తెలిసిందంతా చేసింది, ఆమెను నేను ఒక్క మాట అనను. ఆడబిడ్డ పుట్టింది. మధ్యాహ్నం దాకా ఏడ్చింది. సాయంత్రానికి ఊపిరి ఆగిపోయింది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. దాన్ని తలుచుకుంటే నాకు బాధకంటే ముందు సంతోషం వస్తుంది, ఎందుకంటే ఆ బిడ్డ నాకు మిగిల్చి పోయింది అదొక్కటే.

నాయన ఏడవలేదు. నెల తిరగకముందే నంద్యాలకు వచ్చి మెంబరు గారి పంచలో కూర్చున్నాడు. మా ఆయన కాగితం తీసి, "మామా, ఆమె ఎప్పటి నుంచి ల్యా, యాడికి పంపినారు, ఎవరు పంపినారు, అన్నీ అడగాల" అంటే నాయన వినలేదు.

"అన్ని వంకర్లు ఎందుకప్పా? మా ఊరికి నర్సమ్మను ఏసినారా లేదా? అంతే అడుగు. సూటిగా అడిగితే సూటిగా చెప్తారు."

మా సీమ మనుషులకు ఇదొక జబ్బు. నాలుగు మాటలు పట్టే సంగతిని రెండు మాటల్లో తేల్చితేనే పౌరుషం అనుకుంటారు. మామగారి మాట తీసేయలేక మా ఆయన అట్లాగే రాశారు. కొన్ని నెలలకు జవాబు అచ్చై వచ్చింది: "నియమించడమైనది." అంతే. అబద్ధం కూడా కాదు. నియమించారు, కాగితాల్లో ఆమె పేరు మా ఊరి ఆసుపత్రి కిందే ఉంది. మనిషి లేదు, అంతే. మా ఆయన చదివి వినిపిస్తే నాయన లేచి నిలబడ్డాడు. "ఏసినారంట! యాడ ఏసినారు, గోడకా?" అని, కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు నాకు మళ్లీ నెల తప్పింది. మూడో నెలలోనే నాయన బొగ్గు బస్సులో దిగాడు. అప్పటికీ పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీదే నడిచేవి; దిగినవాళ్ల ముఖాలు కొలిమిలోంచి వచ్చినట్టు ఉండేవి. భుజం మీద శనక్కాయల మూట. మూట దించక ముందే మాట దించాడు.

"ఏడో నెలలో పిల్లను పిల్చకపోతా అక్కా" అన్నాడు మా అత్తతో.

"యాడికి? ఆ తాళం కాడికా?"

నాయన ముఖం మాడిపోయింది. "మొదటి కాన్పు పుట్టింట్లో కావాల గదక్కా."

"మొదటిది అయిపోయిందప్పా."

"అది లెక్కలోకి రాదు. ఇదే మొదటిది."

వాకిలి వెనక నిలబడి వింటున్న నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. లెక్కలోకి రాకపోవడమేమిటి? మధ్యాహ్నం దాకా ఏడ్చింది కదా! కానీ నాయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. తన ఇంట్లో పోయింది గనక తన ఇంట్లోనే బతికించాలన్నది ఆయన పట్టుదల. ఇక నా మనసంటారా, అది నాకే తెలియడం లేదు. అమ్మ కావాలి. ఆ తాళం గుర్తొస్తే ఆ ఊరే వద్దనిపిస్తుంది. రెండూ నిజమే.

చివరికి మా అత్తే తేల్చింది. "నర్సమ్మ వచ్చి ఆ గదిలో కూర్చోనీ అప్పా. ఆ పొద్దు నేనే పసుపు కుంకం పెట్టి పంపిస్తా. లేకుంటే ఈడనే కాన్పు, ఈడి డాక్టరమ్మ చేతిలో."

నాయన ఊరికి పోయి అయ్యవారి చేత మూడు పేజీల ఉత్తరం రాయించి పంపాడు. ఆయన చదువు సంతకం వరకే. ఆ ఉత్తరంలో ఆసుపత్రి వాళ్లకు, వాళ్ల పైవాళ్లకు, ఆ పైవాళ్లకు అక్షింతలు వేసి ఉన్నాయి. అందులోంచి ప్రశ్న తీయమని మా ఆయన నా ముందు పెట్టారు. "నీ సంగతి. నువ్వే రాయి" అన్నారు. తిట్లన్నీ ఒలిచేస్తే చేతిలో మిగిలింది పిడికెడు కూడా లేదు.

రెండు రోజులు రాయలేకపోయాను. మూడో రోజు పెరట్లో మా అత్త పనిమనిషిని అడగడం విన్నాను. మా అత్త ఎప్పుడూ "గాబు కడిగినావా?" అని అడగదు. అట్లా అడిగితే ఎవరైనా కడిగినా అనే అంటారు. "గాబు కడిగిన నీళ్లు ఏ చెట్టుకు పోసినావు?" అని అడుగుతుంది. కడిగినవాళ్లు చెట్టు చూపిస్తారు. కడగనివాళ్లు నీళ్లు నములుతారు. ఎన్నో ఏళ్లుగా ఆ పెరట్లో జరుగుతున్న విచారణ అది. ఇంగ్లీషు చదివిన మా ఆయనకు గానీ నాకు గానీ అంతవరకు తట్టలేదు.

లోపలికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. ఆ ఆసుపత్రి కాన్పుల గదిలో నర్సు కడపట పనిచేసిన తారీఖు ఏది? గడచిన పన్నెండు నెలల్లో ఆ గదిలో జరిగిన కాన్పులు ఎన్ని? ఆమె వేరొక చోట పనిచేయుచున్నచో, ఎవరి ఉత్తరువు మీద, ఎప్పటి వరకు? ప్రస్తుతం ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. చెయ్యి ఆగలేదు. కింద ఇంకో వాక్యం రాశాను.

మెంబరు గారు కాగితం రెండుసార్లు చదివారు. తాళంచెవి దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. ఆయన పళ్లు నేను చూడటం అదే మొదలు. "దీన్ని ఎవరూ దాటలేరమ్మా" అన్నారు. తర్వాత పెన్సిలు తీసి కడపటి వాక్యం మీద మెల్లగా ఒక గీత గీశారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన చూశారు.

"ఇది ప్రశ్న కాదమ్మా. దీంతో పంపితే మొత్తం కాగితం తిప్పి పంపుతారు. కొట్టేసినానని అనుకోవద్దు. ఇది నా కాడ ఉంటాది" అన్నారు. టైపు అయ్యాక నా రాతప్రతిని మడిచి తన డైరీలో పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే ప్రశ్న రిజిస్టరు పోస్టులో మద్రాసుకు వెళ్లింది.

ఐదో నెల గడిచింది. ఆరో నెల గడిచింది. జవాబు లేదు. నేను మా వీధిన మెంబరు గారింటికి పోయే టపా మనిషిని చూసి రోజూ లేచి కూర్చునేదాన్ని. "ప్రశ్న యాడో గోతిలో పడుంటాది" అని మా అత్త నా జుట్టు దువ్వుతూ అనేది. ఇక్కడే డాక్టరమ్మ దగ్గర కాన్పు అని నేనూ మనసును సరిపెట్టుకోసాగాను, అమ్మను తలుచుకుని మధ్య మధ్య ముక్కు చీదుకుంటూ.

ఏడో నెల పడిన వారానికి నాయన మళ్లీ బొగ్గు బస్సు దిగాడు. ఈసారి నల్లటి ముఖంలో పళ్లన్నీ కనిపిస్తున్నాయి. అరుగు మీద కూర్చుని చెబుతుంటే మా అత్త కూడా నవ్వాపుకోలేకపోయింది. పదిహేను రోజుల కింద ఊళ్లోకి ఒక జీపు వచ్చిందట. అందులోంచి ముగ్గురు ఆఫీసర్లు దిగారట. దిగినవాళ్లు రోగుల్ని అడగలేదు, మందుల్ని అడగలేదు.

"దిగీ దిగక ముందే 'తాళంచెవి యాడుండాది?' అంటారు! కాంపౌండరు నాకు తెలీదన్నాడు. ఊడ్చేవాడు తెలీదన్నాడు. కరణాన్ని పిలిపించిరి, ఆయనా తెలీదనె. ఊరంతా ఎతికిరి. కడాకు ఆళ్లగడ్డ నుంచి మనిషిని పిల్చకొచ్చి తాళం పగలగొట్టిచ్చిరి. లోపల చూస్తే మంచం మింద కోడి పొదిగిండాది!"

"తలుపుకు తాళముంటే కోడి ఎట్ల పాయె?" అంది మా అత్త. ఆమె ముందు ఏదీ దాటదు.

"కిటికీకి రెక్క ల్యాక్కా."

నాలుగు రోజుల్లో గదికి సున్నం కొట్టారట, కిటికీకి రెక్క పెట్టారట, ట్రంకు పెట్టెతో నర్సమ్మ దిగిందట. మా ఆయన చెబితే అప్పుడు నాకు అర్థమైంది. ప్రశ్న మద్రాసులో అచ్చు కాకముందే జిల్లాకు వచ్చింది. తారీఖు చెప్పండి, తాళంచెవి చెప్పండి అని పైనుంచి కిందికి కాగితాలు కదిలాయి. జవాబు రాయాలంటే ముందు జవాబు ఉండాలి కదా. అది లేదు గనక పరుగున వచ్చి తయారు చేసుకున్నారు.

మా అత్త ఇంకా కదలలేదు. "నర్సమ్మ ఉండాదా అప్పా?" అంది.

నాయన 'ఉండాది' అని ఊరుకోలేదు. ఆయన కూడా నేర్చుకున్నాడు. "నిన్న పొద్దున ఆ గది ముందర పొయ్యి అంటించి కాఫీ పెట్టినాది. చెక్కెర తక్కువ. నేను తాగినా" అన్నాడు.

మా అత్త లేచి పసుపు కుంకం తెచ్చింది.

ఆ నర్సమ్మ పొట్టి మనిషి, చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకునేది, ఎవర్నీ లెక్కచేసేది కాదు. నొప్పుల రోజు మా అమ్మ ఏడుస్తుంటే బయటికి పంపేసింది, మా నాయన తొంగిచూస్తే తలుపేసింది. బిడ్డ అడ్డం తిరిగిందని ఆమె నాతో ఆ రోజు చెప్పలేదు. వారం తర్వాత చెప్పింది. ఆమె లేకపోతే ఈ రాత రాసేదాన్ని కూడా కాను. ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు బిడ్డ ఏడ్చింది. ఆడబిడ్డే. మధ్యాహ్నం ఏడ్చింది, సాయంత్రం ఏడ్చింది, దీపాలు పెట్టాక కూడా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేను చాలాసేపు నవ్వుతూ ఉన్నానట, మా అమ్మ చెప్పింది.

బిడ్డకు మూడో నెల వచ్చినప్పుడు మెంబరు గారు ఆళ్లగడ్డ వైపు పనుండి వస్తూ మా ఊళ్లో ఆగారు. మా ఆయన కూడా వచ్చారు. చేతిలో అచ్చైన జవాబు. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టి, నాయన చదవమన్నాడు. మా ఆయన చదివారు: నర్సు ప్రస్తుతం ఆ ఆసుపత్రిలోనే పనిచేయుచున్నారు. తాళంచెవి ఆమె దగ్గరనే ఉన్నది. కాన్పుల సంఖ్య సేకరించబడుచున్నది. తక్కిన ప్రశ్నలు ఉత్పన్నం కావు.

నాయన నమ్మలేనట్టు చూశాడు. "అంతేనా? తాళం సంగతి ల్యా? కోడి సంగతి ల్యా? ఇది చదివినోడు నేను అబద్ధమాడినా అనుకోడా?" గొంతు పెరిగింది. "అయ్యా, ఇంకొకటి అడగండి. నర్సమ్మను ఏ తారీఖు పిల్చకొచ్చినారు, అంతకు ముందర ఏం జరిగె, అది రాయమనండి! అది పుస్తకంలో ఉండాల!"

మెంబరు గారు నా ఒడిలో బిడ్డను చూశారు. తర్వాత డైరీలోంచి మడిచిన కాగితం తీసి నా చేతికిచ్చారు. "వాళ్ల పుస్తకంలో దానికి తావు లేదన్నా. అడిగినా రాయరు. ఇన్నాళ్లూ నేను పెట్టుకున్నా. ఇంక అమ్మ కాడ ఉండనీ" అన్నారు.

"ఏందీ అది?" అన్నాడు నాయన. "చదువు."

పెన్సిలు గీత కింద నా రాత స్పష్టంగానే కనిపిస్తోంది. చదివాను. "ఆ గదికి తాళం ఉన్న రోజున మా ఇంట్లో ఒక ఆడబిడ్డ పుట్టి, మధ్యాహ్నం దాకా ఏడ్చి, సాయంత్రానికి పోయింది."

నాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడాది పైగా దాచుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. పది మందిలో, మెంబరు గారి ముందు, పెద్ద మనిషి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఎవరమూ ఆపలేదు.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి మా దూరపు బంధువు ఒకామె బిడ్డను చూడటానికి వచ్చింది. వెండి మొలతాడు తెచ్చింది. బిడ్డ నడుముకు కడుతూ, "మొదటి మనవరాలు గదన్నా, ఇంగ నీకు పట్టపగ్గాలుండవు" అంది నాయనతో.

నాయన ఎద్దులకు మేత వేస్తున్నాడు. చేతిలో చొప్పకట్ట అట్లాగే పట్టుకుని ఇటు తిరిగాడు.

"మొదటిది కాదమ్మా" అన్నాడు. "రెండో మనవరాలు."